యాసంగి వడ్లు మిల్లుకు రాకముందే: ఈటీపీ మోడల్ నడిపేవాళ్లకు జాగ్రత్తలు

యాసంగి వడ్లు దిగడం మొదలైతే సుల్తానాబాద్, పెద్దపల్లి వైపు బాయిల్డ్ రైస్ మిల్లుల్లో నానబెట్టే తొట్లకు విరామం ఉండదు. అప్పటిదాకా అరకొర తిండితో ఉన్న ఈటీపీ (మిల్లు మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు) బ్యాక్టీరియా మీద ఒక్కసారే లోడ్ పడుతుంది. నాసిక్ వైన్ తయారీ కేంద్రాలకూ ఇదే బాధ. జనవరి నుంచి మార్చి దాకా ద్రాక్ష పిండే వారాల్లో చక్కెర, ఆల్కహాల్, పులుపు కలిసిన నీళ్లు వస్తాయి, తర్వాత తగ్గిపోతాయి. అందుకే వాళ్ల నీళ్లకు మోడల్ (శుద్ధి ఎలా సాగుతుందో కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టేది) కట్టేటప్పుడు ఎదురయ్యే చిక్కులు మనకూ పనికొచ్చే పాఠాలే.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. చాలామంది సాఫ్ట్‌వేర్‌లో వాడే ఏఎస్‌ఎం1 (యాక్టివేటెడ్ స్లడ్జ్ మోడల్ 1) 1987లో ఊళ్ల మురుగునీటి కోసం తయారైంది. పీహెచ్ 7 దగ్గర నిలకడగా ఉంటుందని, ఉష్ణోగ్రత మారదని, నైట్రోజన్, ఫాస్ఫరస్‌కు కొరత లేదని అది ముందే అనుకుంటుంది. ద్రాక్ష నీళ్లలో నైట్రోజన్ తక్కువ, పులుపు ఎక్కువ. మన వడ్లు నానిన నీళ్లు కూడా ఒక పూట నిలవుంటే పులిసిన గంజి వాసన కొడతాయి. పీహెచ్ పడిపోయినా స్క్రీన్ మీద గ్రాఫ్ మాత్రం చక్కగానే కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే.

కాబట్టి నైట్రోజన్, ఫాస్ఫరస్ కొలిపించండి. 100 కిలోల బీఓడీకి (నీళ్లలోని మలినాన్ని తినడానికి బ్యాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్ కొలత) సుమారు 5 కిలోల నైట్రోజన్, 1 కిలో ఫాస్ఫరస్ కావాలన్నది పాత లెక్క. నీళ్లలో నైట్రోజన్ అసలే లేకపోతే ఆ 5 కిలోల నైట్రోజన్‌కు దాదాపు 11 కిలోల యూరియా కావాలి. కొలవకుండా మాత్రం వేయకండి, మిగిలినది అమోనియాగా బయటికి పోతుంది.

శాంపిల్ ఒక్కసారి పట్టి సరిపెట్టుకోవద్దు. తొట్టి ఖాళీ చేసిన అరగంటలో వచ్చే నీళ్లు వేరు, రాత్రి కడిగిన నీళ్లు వేరు. ఒక మిల్లులో నేను రోజు సగటు వేసి మోడల్ నడిపాను, అంతా బాగుందని చూపించింది. మూడో రోజు తెల్లవారేసరికి క్లారిఫయర్ (బురద కిందికి దిగి తేట వేరయ్యే ట్యాంకు) అంచు దాటి బురద పొర్లుతోంది. ఆ తప్పు నాదే. అప్పటినుంచి గంటగంటకూ ఫ్లో, సీఓడీ (మలినాన్ని రసాయనంతో కొలిచే లెక్క) రాయనిదే ఇన్‌పుట్ ఫైలు ముట్టుకోను.

ఎండ సంగతి కూడా చూడాలి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే. బ్యాక్టీరియాకేమో వేడిలో ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. మోడల్‌తో వచ్చే డిఫాల్ట్ విలువలు 10, 20 డిగ్రీలవి. మే నెల రామగుండం ఎండకు అవి నప్పవు. బ్లోయర్ (ట్యాంకులోకి గాలి ఊదే యంత్రం) లెక్క మీ ట్యాంకు ఉష్ణోగ్రతతోనే వేయండి.

ఇంకొకటి: దారాల్లాంటి బ్యాక్టీరియా పెరిగి బురద ఉబ్బడాన్ని ఏఎస్‌ఎం1 చెప్పలేదు. దానికి లీటరు సిలిండరే దిక్కు. రోజూ ఉదయం అందులో ఏరేషన్ ట్యాంకు (గాలి ఊదే ట్యాంకు) నీళ్లు నింపి అరగంట కదపకుండా ఉంచండి. గోధుమరంగు బురద గట్టిగా కిందికి దిగి పైన తేట కనిపించాలి. బురద దూదిలా పైపైనే ఆగిపోతే మోడల్ ఏం చెప్పినా సరే, లోడ్ తగ్గించి ముందు డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) చూడండి. లీటరుకు 2 మిల్లీగ్రాములకు దిగువన ఉంటే ఇంకో బ్లోయర్ వేయండి.