హై పవర్ థెరపీ లేజర్ కొంటున్నారా? బ్రోచర్‌ను ఇలా చదవండి

నొప్పి తగ్గించడానికి చర్మం మీద లేజర్ కాంతి వేసే మెషీన్ ఇది. డెమో రోజు డీలర్ మొదట చేసే పని, కాంతి వచ్చే హ్యాండ్‌పీస్ తీసి మన భుజం మీదే పెట్టడం. గోరువెచ్చగా, హాయిగా ఉంటుంది. రెండు నిమిషాలయ్యాక "ఎలా ఉంది సార్?" అంటాడు. బాగుందంటాం. ఇంట్లో వేడినీళ్ల కాపడం పెట్టినా బాగానే ఉంటుందని ఆ క్షణంలో గుర్తురాదు. కొటేషన్‌లో మాత్రం కారు కొనేంత ధర కనిపిస్తుంది.

ఫిజియోథెరపీ క్లినిక్ నడిపేవాళ్లకు ఇలాంటి డెమోలు మామూలే. నేనూ చాలా చూశాను, ఒకసారి తొందరపడి కొన్నాను కూడా. అందుకే చెబుతున్నాను, బ్రోచర్ మీది బ్రాండ్ పేరును కాసేపు వేలితో మూసేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న అంకెలు చదవండి.

1. క్లాస్ అంటే ఏమిటో తెలుసుకోండి

అర వాట్, అంటే 500 మిల్లీవాట్ల దాకా ఉంటే క్లాస్ 3బీ. అది దాటితే క్లాస్ 4. ఈ విభజన కంటికి, చర్మానికి ఎంత ప్రమాదమో చెప్పడానికి చేసింది. చికిత్స ఎంత బాగా పనిచేస్తుందో అది చెప్పదు. డీలర్లు మాత్రం "క్లాస్ 4 సార్" అనే మాటను ఫస్ట్ క్లాస్ టికెట్ అన్నట్టు పలుకుతారు.

2. వేవ్‌లెంగ్త్ రాసుకోండి

వేవ్‌లెంగ్త్ అంటే కాంతి తరంగం పొడవు, దాన్ని నానోమీటర్లలో చెబుతారు. ఒక కాగితం మీద ప్రతి మెషీన్ పక్కన దాని నానోమీటర్లు రాస్తే బ్రాండ్ల మధ్య తేడా సగం తేలిపోతుంది. బీటీఎల్ హై ఇంటెన్సిటీ లేజర్ 1064 మీద పనిచేస్తుంది. ఇటలీకి చెందిన కె-లేజర్ క్యూబ్ 4లో 660, 800, 905, 970 అని నాలుగు ఉంటాయి. అదే దేశానికి చెందిన ఏఎస్ఏ కంపెనీ ఎంఎల్ఎస్ పేరుతో 808, 905 కలిపి ఇస్తుంది. వాళ్లదే హీరో అనే మెషీన్ ఎన్‌డీ-యాగ్ అనే స్ఫటికంతో కాంతి పుట్టించే రకం, 1064 మీద పల్స్‌లుగా, అంటే ఆగి ఆగి కొడుతుంది. ఎర్కోనియా పేరు కూడా ఈ వరుసలోనే వినిపిస్తుంది కానీ అది 635 దగ్గరి ఎర్ర కాంతితో పేరు తెచ్చుకున్న లో లెవెల్, అంటే తక్కువ పవర్ లేజర్. హై పవర్ మెషీన్లతో దాన్ని పోల్చడం కుదరదు.

810 చుట్టుపక్కల కాంతిని కణంలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పీల్చుకుంటుందని, అక్కడి నుంచే మేలు మొదలవుతుందని ఎక్కువ మంది చెప్పే వివరణ. 970-980 దగ్గర నీరు ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి వేడి బాగా తెలుస్తుంది. 1064కు వచ్చేసరికి చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పీల్చుకునేది తగ్గుతుంది. మనలాంటి చామనఛాయ, నల్లటి చర్మాలకు ఈ చివరి మాట ముఖ్యం. 810తో ఎక్కువ వాట్లు పెడితే తెల్లవాళ్ల కంటే మన పేషెంట్‌కు చర్మం పైనే ముందుగా చురుక్కుమంటుంది. మెషీన్‌లో స్కిన్ టోన్ సెట్టింగ్ ఉందా, దాన్ని మారిస్తే వాట్లు నిజంగా తగ్గుతున్నాయా, డెమోలోనే చూడండి.

3. పీక్, సగటు: ఈ లెక్క మీరే వేయండి

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. బ్రోచర్‌లో "25 వాట్స్" అని పెద్దగా ఉంటుంది. అది పీక్ పవరా (పల్స్ ఉన్న క్షణంలో ఉండే గరిష్ఠ పవర్), సగటు పవరా (పల్స్‌ల మధ్య విరామం కూడా కలిపితే వచ్చేది) అని అడగండి. అతి చిన్న పల్స్‌లు ఇచ్చే 905 రకం సూపర్ పల్స్ లేజర్ ఒకటి తీసుకుందాం. పీక్ 25 వాట్లు, ఒక్కో పల్స్ 200 నానోసెకన్లు, సెకనుకు 10,000 పల్స్‌లు అనుకోండి. మూడూ గుణిస్తే వచ్చేది 0.05 వాట్. అంటే 50 మిల్లీవాట్లు! పల్స్‌ల మధ్య చర్మం చల్లబడుతుందన్న వాదనలో అర్థం ఉంది, కాబట్టి దీన్ని మోసం అనలేం. కానీ నిలకడగా 25 వాట్లు ఇచ్చే మెషీన్ పక్కన పెట్టి చూసే అంకె మాత్రం కాదు. హీరోలో పీక్ కిలోవాట్లలో ఉంటుంది, సగటు పది వాట్ల దరిదాపుల్లోనే.

4. వాట్లను నిమిషాల్లోకి మార్చండి

వాట్‌ను సెకన్లతో గుణిస్తే జౌల్స్, అంటే మొత్తం అందే శక్తి. మోకాలి చుట్టూ వంద చదరపు సెంటీమీటర్ల మేర, ఒక్కో చదరపు సెంటీమీటర్‌కు 10 జౌల్స్ ఇవ్వాలనుకుంటే మొత్తం 1000 జౌల్స్ కావాలి. సగటున 10 వాట్ల మెషీన్‌తో 100 సెకన్లు. అర వాట్ 3బీతో 2000 సెకన్లు, అంటే ముప్పై మూడు నిమిషాల పైమాటే. సాయంత్రం బెంచీ నిండా పేషెంట్లు కూర్చున్న క్లినిక్‌లో ఈ తేడా ఎంతో చెప్పక్కర్లేదు. హై పవర్ మెషీన్ అసలు లాభం ఇదే, పెద్ద భాగానికి తక్కువ టైమ్‌లో డోస్ అందుతుంది. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మందికి టెన్నిస్ ఎల్బో లాంటి చిన్న చోటి నొప్పులే ఉంటే, ఈ ఖర్చు గురించి మళ్లీ ఆలోచించండి.

10 వాట్లు ఒక్క చదరపు సెంటీమీటర్ మీద నిలిపితే కాలుతుంది. అందుకే హ్యాండ్‌పీస్ ఆపకుండా కదుపుతూ ఉండాలి. ఎన్ని సైజుల హెడ్లు ఇస్తారో, వాటికి విడిగా డబ్బు అడుగుతారో కనుక్కోండి.

5. చూపించే కాగితాలు చదవండి

డీలర్ ఫైల్‌లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 2009లో వచ్చిన రివ్యూ తరచూ కనిపిస్తుంది. మెడనొప్పి మీద 16 ట్రయల్స్, 820 మంది పేషెంట్లు. మంచి రివ్యూనే, కాకపోతే అది లో లెవెల్ లేజర్ల మీద చేసింది. దాన్ని చూపించి 15 వాట్ల మెషీన్ అమ్మితే, మీ మెషీన్ మీద చేసిన ట్రయల్ ఏదని అడగండి.

"ఎఫ్‌డీఏ (అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) అప్రూవ్డ్" అన్నా ఆగండి. ఈ తరహా లేజర్లకు సాధారణంగా ఉండేది క్లియరెన్స్ (ఇప్పటికే అమ్మకంలో ఉన్న పరికరం లాంటిదేనని ఒప్పుకోవడం), అప్రూవల్ కాదు. అదీ ఎక్కువగా వేడినిచ్చే ఇన్‌ఫ్రారెడ్ దీపాల కోవలో, కండరాల, కీళ్ల నొప్పి తాత్కాలికంగా తగ్గడానికి. డిస్క్ బాగైపోతుందని, నరం మళ్లీ పెరుగుతుందని బ్రోచర్‌లో ఉంటే ఆ మాట క్లియరెన్స్‌లోది కాదు. దిగుమతి మెషీన్ అయితే మన దేశ మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీవో ఇచ్చే ఎండీ-15 దిగుమతి లైసెన్స్ కాపీ తీసుకోండి. అందులో కంపెనీ పేరు ఉంటే చాలదు, మీరు కొంటున్న మోడల్ పేరు ఉండాలి.

6. గదిని, పేషెంట్‌ను సిద్ధం చేయండి

ఈ కాంతిలో ఎక్కువ భాగం కంటికి కనిపించదు కానీ రెటీనా దాకా వెళ్తుంది. రక్షణ కళ్లజోడు మీద మీ మెషీన్ వేవ్‌లెంగ్త్, కాంతిని ఎంత ఆపుతుందో చెప్పే ఓడీ అంకె ముద్రించి ఉండాలి. ఓడీ 5 అంటే లక్షలో ఒక వంతు కాంతి మాత్రమే లోపలికి వస్తుంది. మీకు, పేషెంట్‌కు, తోడు వచ్చినవాళ్లకు మూడు జతలు అడగండి. గదిలో అద్దం ఉంటే కప్పండి.

పేషెంట్ గాజులు, గొలుసు తీయించండి. నొప్పి బామ్, పసుపు పట్టు ఉంటే తుడవండి. పచ్చబొట్టు మీద వేయకండి. చీలమండకు కట్టిన నల్లదారాన్ని నేను మొదట్లో పట్టించుకోలేదు. ఒకామె ఒక్కసారిగా కాలు వెనక్కి లాక్కున్నాక తెలిసింది, నలుపు వేడిని ఎలా పట్టుకుంటుందో. అరికాళ్లు మొద్దుబారిన షుగర్ పేషెంట్ అలా కాలు లాక్కోలేరు కదా, వాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. గర్భిణుల పొట్ట, నడుము, క్యాన్సర్ ఉన్న చోటు, థైరాయిడ్ జోలికి వెళ్లొద్దు.

7. సర్వీస్ ఎవరు చేస్తారు?

నేను తొందరపడి కొన్న మెషీన్ కథ ఇది. కొన్న నాలుగో నెలలో స్టూల్ చక్రం ఫైబర్ కేబుల్ మీదికి ఎక్కింది. పైకి ఏమీ తెలియలేదు, హ్యాండ్‌పీస్ నుంచి మాత్రం కాంతి రాలేదు. లోపల ఉండేది గాజుతీగ, గట్టిగా వంచినా విరుగుతుంది. వారంటీలో కేబుల్ లేదన్నారు. కొత్తది విదేశం నుంచి రావడానికి ఆరు వారాలు పట్టింది. ఈఎంఐ మాత్రం ఆగలేదు.

కంపెనీలు చేతులు మారుతుంటాయి కూడా. లైట్‌ఫోర్స్ లేజర్లు తయారుచేసే అమెరికా సంస్థ లైట్‌క్యూర్ ఇప్పుడు ఎనోవిస్ గొడుగు కిందికి వచ్చింది. అలా మారినప్పుడు ఇక్కడి డీలర్ మారినా ఆశ్చర్యం లేదు. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందే పర్చేజ్ ఆర్డర్‌లో రాయించండి: కేబుల్ ధర ఎంత, ఇంజనీర్ హైదరాబాద్‌లో ఉంటాడా ముంబై నుంచి రావాలా, ఏడాదికోసారి పవర్ మీటర్‌తో హ్యాండ్‌పీస్ చివర వాట్లు కొలిచి సర్టిఫికెట్ ఇస్తారా, రిపేర్‌కు వెళ్తే బదులు మెషీన్ పంపుతారా. "అవన్నీ చూసుకుంటాం సార్" అని నోటిమాటగా తేలిస్తే, చెక్కు మీద సంతకం ఇంకో వారం ఆపండి.