బాలిలో బాతిక్ బట్ట కొనడం ఎలా? ముందు శ్రీకాళహస్తి వెళ్లి రండి

తిరుపతి నుంచి బాలి వెళ్తున్నారా? బాతిక్ అంటే మైనంతో బొమ్మలు వేసి రంగులో ముంచిన ఇండోనేసియా బట్ట. డాలర్లు మార్చుకోకముందే ఒక పూట శ్రీకాళహస్తి వెళ్లి, కలంకారీ వేసేవాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరేసిన బట్ట మీద వెదురు కలం ఎలా కదులుతుందో, గీత ఎక్కడ లావెక్కి ఎక్కడ సన్నబడుతుందో చూడండి. ఆ చూపు అలవడితే పరాయి దేశంలోనూ చేతిపని ఇట్టే పట్టేస్తారు.

1. వెళ్లే ముందు: రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న డీలరు దగ్గరే డాలర్లు తీసుకోండి. 50,000 రూపాయలు దాటితే నగదు తీసుకోరు, ఖాతా నుంచి కట్టాలి. మడతలు, మరకలు లేని నోట్లే అడగండి. నలిగిన డాలరును అక్కడ చాలామంది పుచ్చుకోరు. కార్డుకు విదేశీ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోండి. తిరుగు ప్రయాణంలో చెన్నైలో దిగాక ఖర్చులకని మన నోట్లు ఉంచుకుంటే, మనిషికి 25,000 రూపాయలు మించకూడదు. కానుకగా ఇద్దామని ఎర్రచందనం బొమ్మలు మాత్రం పెట్టెలో పెట్టకండి, విమానాశ్రయంలో చిక్కుల్లో పడతారు.

2. సున్నాలు లెక్కపెట్టడం: డాలర్లను అక్కడ రూపియాలోకి, అంటే ఇండోనేసియా డబ్బులోకి, మార్చుకోవాలి. లక్ష రూపియా నోటు ఎర్రగా ఉంటుంది. విలువ మన 500 రూపాయలకు కాస్త అటూఇటూ. వెళ్లే రోజు రేటు చూసుకోండి. పదివేల నోటుకూ దీనికీ ఒక్క సున్నాయే తేడా, తొందరలో ఒకటనుకుని ఇంకొకటి ఇచ్చేస్తాం. బోర్డు మీద రేటు మరీ ఊరిస్తుంటే ఆ దుకాణం వదిలేయండి. ఎక్కడ మార్చినా ఆఖరిసారి లెక్కపెట్టేది మీరే కావాలి, ఆ తర్వాత కట్ట మళ్లీ వాళ్ల చేతికి ఇవ్వొద్దు. కార్డు మిషను రూపాయల్లోనా, రూపియాలోనా అని అడిగితే రూపియానే నొక్కండి. రూపాయలంటే మార్పిడి రేటు వాళ్లు వేసిందే, అది మనకు నష్టం.

3. బట్టను తిరగేసి చూడండి: అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఇండోనేసియా బాతిక్ 2009లో యునెస్కో జాబితాకెక్కింది. కరిగిన మైనాన్ని చాంతింగ్ అనే కలంతో గీసేది తులిస్, రాగి అచ్చుతో అద్దేది చాప్. మన దగ్గర శ్రీకాళహస్తి కలం పనికీ పెడన అచ్చు పనికీ ఉన్న తేడా లాంటిదే. ఇక మిషను ప్రింటు మూడోది. మైనం వేసి రంగులో ముంచిన బట్టకు రెండు వైపులా రంగు దాదాపు ఒకేలా పడుతుంది. ప్రింటు బట్ట వెనకవైపు వెలవెలబోతుంది. తులిస్‌లో ఏ రెండు పువ్వులూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒక్క బట్టకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. చవగ్గా ఇస్తామంటే అది తులిస్ కాదు.

4. బేరం: బాలిలో ఉబుద్ ఊరి మార్కెట్‌కు పొద్దున్నే వెళ్లండి. తొలి బేరం డబ్బును సరుకు మీద తట్టుకునే అలవాటు అక్కడా ఉంది. పెంగ్లారిస్ అంటారు, మన బోణీయే. బోణీ వేళ ధర దిగుతుంది. బొమ్మలు, సంచులు అమ్మే కొట్లలో గట్టిగానే బేరమాడండి. కానీ తులిస్ గీసిన మనిషే ఎదురుగా ఉంటే గీచి గీచి అడగకండి. మన కలంకారీవాళ్లను అలా అడిగితే మనకెలా ఉంటుంది?

5. బిల్లు: తులిసో, చాపో, ధర ఎంతో రాయించుకోండి. తిరిగొచ్చాక కస్టమ్స్‌వాళ్లు అడిగితే చూపించడానికి అదే ఆధారం.