చలికాలం తెల్లవారుజామున కారులో వేడి, అద్దం మీద ఆవిరి: పెట్రోల్ బండికి, ఎలక్ట్రిక్ బండికి ఏం చేయాలి?

తెల్లవారుజామున నాలుగున్నరకు మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ బయల్దేరే కార్లను చూస్తే నాకు గుండె గుబులవుతుంది. ముందు అద్దం నిండా ఆవిరి. డ్రైవరు ఎడమ చేత్తో స్టీరింగు పట్టుకుని, కుడి చేతి మణికట్టుతో అద్దం మీద పళ్లెమంత గుండ్రంగా తుడుచుకుని అందులోంచి చూస్తూ పోతుంటాడు. నాలుగు నిమిషాలకు అదీ మూసుకుపోతుంది. మళ్లీ తుడుస్తాడు. పక్కన సాగర్ ఎడమ కాలువ, ఎదురుగా లారీలు. అదే బండిలో, చేతికి అందేంత దూరంలోనే దీనికి మందు ఉంటుంది. ఎర్ర గుర్తు వైపు తిప్పాల్సిన ఆ హీటర్ నాబ్‌ను మన దగ్గర కారు కొన్న రోజు నుంచి అమ్మే రోజు దాకా ముట్టుకోని వాళ్లు ఎందరో.

ఈ దారిలో ఇరవై ఏళ్లకు పైగా నడుపుతున్నాను. మొదట్నుంచీ పెట్రోల్ బండి, మూడేళ్లుగా ఇంట్లో ఎలక్ట్రిక్ బండి కూడా ఉంది. రెండింటికీ వర్తించే మాట ఒకటే: చలికాలంలో కారులో వేడి ముందు అద్దానికి, తర్వాతే మనకు.

ముందు రోజు రాత్రి

రెండు నూలు గుడ్డలు పెట్టుకోండి. ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్క అయితే దాన్ని మించింది లేదు. రంగు రంగుల మైక్రోఫైబర్ గుడ్డలు నా బండిలోకి రానివ్వను, దుమ్ము పట్టాక అవి అద్దాన్ని తుడవవు, పూస్తాయి. ఒక టార్చి కూడా ఉంచండి. టైర్లలో గాలి పొద్దున బండి కదలకముందే చూసుకోవాలి. మధ్యాహ్నం 30 డిగ్రీల్లో కొట్టించిన గాలి తెల్లారి 13 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు 3 పీఎస్ఐ తగ్గుతుంది. 12 వోల్టుల బ్యాటరీ నాలుగేళ్లు దాటితే చలికాలం మొదట్లోనే ఒకసారి పరీక్ష చేయించండి. ఎలక్ట్రిక్ బండిలోనూ ఆ చిన్న బ్యాటరీ ఉంటుంది, అది పడిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి ఆన్ కాదు.

కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే ద్రవం, దాని దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి. పెట్రోల్ బండిలో వేడి ఎక్కణ్నుంచో కొత్తగా పుట్టదు. మనం పోసిన పెట్రోలులో చక్రాలు తిప్పడానికి పోయేది నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు. మిగతాదంతా వేడే. అందులో కొంత సైలెన్సర్ నుంచి పోతే, కొంత కూలెంట్ తీసుకుంటుంది. డాష్‌బోర్డు వెనక చేతిలో పట్టేంత చిన్న రేడియేటర్ ఒకటి ఉంటుంది. మీరు నాబ్ ఎర్ర వైపు తిప్పితే ఆ వేడి కూలెంట్ మీదుగా గాలి లోపలికి వస్తుంది. అంటే హీటర్ వేస్తే పెట్రోలు తాగేస్తుందన్న భయం దండగ, బయటికి పోయే వేడినే వాడుకుంటున్నాం.

ఇప్పుడు మన నల్లగొండ బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూడండి. చెంచాతో గీకితే గానీ రాని తెల్లటి పెచ్చు. రేడియేటర్‌లో ఆ నీళ్లు పోస్తే, అదే పెచ్చు హీటర్ సన్నటి గొట్టాల్లోనూ కడుతుంది, దానికి తుప్పు తోడవుతుంది. కొన్నాళ్లకు హీటర్ మూగబోతుంది. కంపెనీ చెప్పిన కూలెంటే పోయించండి, కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ కలపండి. మూత ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయాలి.

ఓసారి నా పాత బండిలో డ్రైవరు కాళ్ల దగ్గర కూలెంట్ కారుతుంటే ఒక షెడ్డులో ఇచ్చాను. సాయంత్రానికి బాగుచేసి ఇచ్చారు. డిసెంబరు వచ్చాక నాబ్ ఎంత తిప్పినా వేడి రాదు. బానెట్ ఎత్తి చూస్తే హీటర్‌కు పోయే రెండు గొట్టాలనూ ఒకదానికొకటి కలిపేశారు, కూలెంట్ ఇక హీటర్‌లోకే పోదు. అడిగితే "మన దగ్గర హీటర్ ఎవరు వేస్తరన్నా" అన్నారు. అందుకే చెబుతున్నా, ఈ రోజే ఇరవై నిమిషాలు బండి నడిపి, నాబ్ ఎర్ర వైపు తిప్పి, గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి చూడండి. వేడి తగలకపోతే పండక్కి ముందే చూపించుకోండి.

పెట్రోల్ బండి స్టార్ట్ చేయడం

సెల్ఫ్ కొట్టండి, సీటు బెల్టు పెట్టుకోండి, అద్దాలు సరిచేసుకోండి, కదలండి. అర నిమిషం నుంచి ఒక నిమిషం చాలు. పది నిమిషాలు ఇంటి ముందు ఇంజిన్ ఆన్ చేసి ఉంచడం చోక్ లాగి స్టార్ట్ చేసే కార్బురేటర్ బండ్ల నాటి అలవాటు. ఇప్పటి ఇంజిన్ నిలబడి ఉంటే నెమ్మదిగా వేడెక్కుతుంది, నడిస్తే త్వరగా వేడెక్కుతుంది. మొదటి నాలుగైదు కిలోమీటర్లు ఆక్సిలరేటర్ తొక్కి రేజ్ చేయకుండా పోనివ్వండి. కెనడాలో, నార్వేలో మైనస్ 20, 30 డిగ్రీలు ఉంటుంది కాబట్టి రాత్రంతా ఇంజిన్‌కు కరెంటు హీటర్ తగిలిస్తారు. మన దగ్గర 12, 13 డిగ్రీలంటేనే ఇగం పెడుతోందంటాం. ఇంజిన్‌కు అది చలే కాదు.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయొద్దు. షట్టర్ వేసిన షెడ్డులోగానీ, పోర్టికోకు చుట్టూ పరదాలు కట్టిగానీ ఇంజిన్ ఆన్ చేయకండి. పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, ఆ తర్వాత మనిషి లేవడు. దాబా దగ్గర బండి ఆపి, అద్దాలు మూసి, హీటర్ వేసుకుని నిద్రపోవడం కూడా అంతే ప్రమాదం.

ఎలక్ట్రిక్ బండి అయితే

దీనికి ఇంజిన్ లేదు, వృథా వేడి లేదు. హీటర్‌కు కావాల్సిందంతా బ్యాటరీ నుంచే రావాలి. చాలా బండ్లలో కరెంటుతో కాగే హీటరే ఉంటుంది, కొన్నింటిలో హీట్ పంప్ ఉంటుంది, అది బయటి గాలిలోని వేడిని లాగి లోపలికి పంపుతుంది కాబట్టి తక్కువ కరెంటుతో అదే పని చేస్తుంది. లాభం ఏమిటంటే ఇంజిన్ కాగేదాకా ఆగనక్కర్లేదు, నిమిషంలో వెచ్చటి గాలి వస్తుంది.

బయల్దేరే పది నిమిషాల ముందు, చార్జింగ్ తీగ తగిలించి ఉండగానే, ఫోన్ యాప్‌లో క్లైమేట్ ఆన్ చేయండి. వేడెక్కించే కరెంటు ఇంటి మీటరు నుంచి వస్తుంది, బ్యాటరీ నిండుగా ఉంటుంది. యాప్ సౌకర్యం లేని బండి అయితే తీగ తీసే ముందు కూర్చుని ఆన్ చేసుకోండి. ఇంతే.

రేంజ్, అంటే ఒక చార్జింగ్‌కు నడిచే దూరం, దాని గురించి టెన్షన్ పడి హీటర్ ఆపేసే వాళ్లకు లెక్క చెబుతాను. హీటర్ మొదటి ఐదు నిమిషాలు 3 కిలోవాట్లు లాగిందనుకుందాం, అది పావు యూనిట్. తర్వాత రెండు గంటలు 1 కిలోవాట్ చొప్పున లాగితే రెండు యూనిట్లు. యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు నడిచే బండికి మొత్తం మీద 15 కిలోమీటర్ల రేంజ్ పోతుంది. మన చలికి అంత కూడా అక్కర్లేదు, ఎండ వచ్చాక ఆపేస్తాం. అమెరికాలో ఏఏఏ అనే సంస్థ 2019లో చేసిన పరీక్షలో రేంజ్ 41 శాతం తగ్గిన మాట నిజమే, కానీ అది మైనస్ 7 డిగ్రీల దగ్గర. ఆ వార్త చదివి మహబూబ్‌నగర్‌లో వణుక్కుంటూ నడపకండి. సీటు హీటర్ ఉంటే మాత్రం దాన్నే వాడండి, బండినంతా కాచడం కన్నా వీపును కాచడానికి చాలా తక్కువ కరెంటు చాలు.

అద్దం మీద ఆవిరి: తప్పు జరిగేది ఇక్కడే

మొదట ఆవిరి లోపల ఉందా, బయట ఉందా చూడాలి. లోపల నుంచి అద్దం మీద వేలితో గీత గీయండి. గీత పడితే ఆవిరి లోపలిది. పడకపోతే బయటిది. ఈ ఒక్క పని చేయకుండా బటన్లు నొక్కడం మొదలుపెడతారు, అందుకే ఒకరికి పనిచేసింది ఇంకొకరికి పనిచేయదు. రెంటికీ మందు వేరు.

చలికాలంలో దాదాపు ఎప్పుడూ లోపలిదే. మన ఊపిరిలో తేమ ఉంటుంది. రాత్రంతా బయట ఉన్న అద్దం చల్లగా ఉంటుంది. తేమ వెళ్లి దాని మీద నీళ్లవుతుంది, చల్లటి సీసా బయట నీళ్లు పట్టినట్టే. అయ్యప్ప దీక్షల కాలంలో నా బండిలో నలుగురు స్వాములు ఎక్కారు. నాలుగింటికే తలస్నానాలు, తల ఆరలేదు. వెనక సీటు మీద తడి కండువాలు ఆరేశారు. గేటు దాటకముందే నాలుగు వైపులా అద్దాలు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. "స్వామీ, ముందు ఆ కండువాలు డిక్కీలో పెట్టండి" అన్నాను. తడి బట్టలు, తడి చెప్పులు, తడి గొడుగు, ఏదైనా సరే మనం కూర్చునే చోట ఉండకూడదు.

ఇప్పుడు వరసగా చేయండి. గాలి ముందు అద్దం మీదికి వచ్చేలా పెట్టండి. నాబ్ ఎర్ర వైపు పూర్తిగా తిప్పండి. బయటి గాలి లోపలికి వచ్చే బటన్ ఎంచుకోండి, లోపలి గాలే తిరిగే బటన్ కాదు. బ్లోయర్ పెద్దగా పెట్టండి. ఏసీ ఆన్ చేయండి.

అవును, ఏసీ. ఇక్కడే అందరూ నాతో గొడవకు వస్తారు. మా బామ్మర్ది మొదటిసారి చూసి "ఏంది బావా, ఇంత చలిల ఏసీ ఏస్తున్నవ్?" అని చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండాకాలం ఏసీ వేసి ఆపిన కారు కింద చుక్కలు చుక్కలుగా నీళ్లు కారడం చూశారు కదా. అవి గాలిలోంచి పిండిన నీళ్లు. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, ఆరబెడుతుంది కూడా. కారులో గాలి ముందు ఏసీ కాయిల్ మీదుగా వెళ్లి ఆరుతుంది, ఆ తర్వాత హీటర్ మీదుగా వెళ్లి కాగుతుంది. పొడి గాలి, అదీ వేడి గాలి. అద్దం మీది తేమను అదే తాగేస్తుంది. పెట్రోల్ బండిలో ఇంజిన్ కాగని మొదటి ఐదు నిమిషాలు గాలి చల్లగానే వస్తుంది, ఆ కాసేపు ఓర్చుకోండి, పొడి గాలి కాబట్టి అద్దం తేటబడటం మాత్రం మొదలవుతుంది. కొన్ని బండ్లలో ముందు అద్దం బొమ్మ ఉన్న ఒక్క బటన్ నొక్కితే ఇవన్నీ దానంతట అవే పడతాయి.

లోపలి గాలి తిప్పే బటన్ మన జిల్లాలో పెద్ద శత్రువు. వాడపల్లి వైపు సిమెంటు లారీల దుమ్ముకు ఒకసారి నొక్కుతారు, ఆరు నెలలు అలాగే ఉంటుంది. నలుగురి ఊపిరి లోపల్లోపలే తిరిగితే ఏ హీటరూ ఏమీ చేయలేదు. స్టార్ట్ చేయగానే ఆ బటన్ మీది చిన్న దీపం వెలుగుతోందా అని కళ్లారా చూడండి, వెలుగుతుంటే నొక్కి ఆపేయండి.

ఇంకో తప్పు ఇంతకన్నా ప్రమాదం. అద్దం తేటబడగానే "ఇక చాలు" అని ఏసీ ఆపేస్తారు, బ్లోయర్ మాత్రం అద్దం మీదికే ఉంటుంది. అప్పటిదాకా పిండిన నీళ్లు కాయిల్ మీద ఇంకా ఉంటాయి. ఏసీ ఆగగానే ఆ తడంతా గాలిలో కలిసి ఒక్కసారిగా వచ్చి అద్దానికి కొడుతుంది. నార్కట్‌పల్లి దాటి హైవే మీద వంద స్పీడులో ఉన్నప్పుడు ఇలా జరిగితే మూడు క్షణాల్లో ఏమీ కనపడదు. కాబట్టి ఎండ వచ్చేదాకా ఏసీ ఆపొద్దు. వేడి ఎక్కువైతే నాబ్ కాస్త వెనక్కి తిప్పండి, బ్లోయర్ తగ్గించండి, ఏసీ జోలికి పోకండి.

గీత పడలేదు, ఆవిరి బయట ఉంది అంటే, ఏసీ చల్లగాలి అద్దానికి తగిలి అద్దం బయటి గాలి కన్నా చల్లబడిందన్నమాట. వానాకాలంలో ఇది ఎక్కువ. వైపర్ ఒకసారి వేయండి, గాలి అద్దం మీద నుంచి కాళ్ల వైపు మళ్లించండి, వేడి కొంచెం పెంచండి.

అరచేత్తో తుడవకండి. చేతి జిడ్డు అద్దానికి అంటుకుంటుంది, ఎదురు లారీ లైటు పడగానే అద్దమంతా నక్షత్రాలు పూసినట్టవుతుంది. అసలు ఆవిరి ఎక్కువ పట్టేదే జిడ్డు అద్దానికి. ఎండాకాలం 45 డిగ్రీల ఎండలో నిలబెట్టిన బండిలో డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి సన్నటి జిడ్డు పొర వచ్చి అద్దానికి పడుతుంది. దసరా పోగానే లోపలి అద్దాన్ని తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో రెండుసార్లు తుడవండి. గుడ్డ మీద పసుపుపచ్చ మరక చూస్తే మీకే అర్థమవుతుంది. బంగాళదుంప రుద్దడం, పొగాకు రుద్దడం, షాంపూ పూయడం, ఇవన్నీ చూశాను. దుంప పాలు ఎండి మసక మిగులుతుంది, పొగాకు మరక మిగులుతుంది. కిటికీ దించితే ఆవిరి తగ్గుతుంది నిజమే, కానీ వెనక చంటిపిల్ల ఉంటే ఎంతసేపు దించుతారు? వేడినీళ్లు మాత్రం చచ్చినా పోయకండి. చల్లటి అద్దం ఒక మూల పెళ్లుమంటుంది, చిన్న రాయి దెబ్బ ముందే ఉంటే ఈ చివర నుంచి ఆ చివరకు చీలుతుంది.

దారిలో

వేములపల్లి దగ్గర యాసంగి మళ్లకు నీళ్లు పెట్టిన రోజుల్లో రోడ్డు మీదే పొగమంచు కమ్ముతుంది. అది అద్దం సమస్య కాదు, దానికి హీటర్ పనిచేయదు. హెడ్‌లైట్లు డిమ్‌లో పెట్టి నెమ్మదించండి. ముందు బండి వెనక దీపాలు కనపడకపోతే రోడ్డు దిగి, పెట్రోల్ బంకులోనో దాబాలోనో ఆగండి. హైవే అంచున ఆగొద్దు.

దిగే ముందు

ఇంటికి రెండు నిమిషాల ముందు ఏసీ ఆపి, గాలి కాళ్ల వైపు పెట్టి బ్లోయర్ తిరగనివ్వండి, కాయిల్ ఆరుతుంది, మర్నాడు ముక్కవాసన రాదు. ఎలక్ట్రిక్ బండి అయితే బ్యాటరీ నడిచి నడిచి వెచ్చగా ఉన్నప్పుడే, దిగగానే తీగ తగిలించండి. మళ్లీ తెల్లారి ప్రయాణం ఉంటే యాప్‌లో టైమ్ అప్పుడే పెట్టేసి, ఆ పంచె ముక్కలు ఆరేసి పడుకోండి.