నెదర్లాండ్స్ వెళ్ళే జంటకి: రెండోవాళ్ళ ఉద్యోగం వేట బెంగళూరులోనే మొదలవ్వాలి

ఇంట్లో ఒకరికి విదేశం నుంచి ఆఫర్ వచ్చిందంటే మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగు ఇళ్ళల్లో జరిగేది ఒకటే. ఆఫర్ వచ్చినవాళ్ళ వీసా, టికెట్లు, సామాన్ల చుట్టూ ఇల్లంతా తిరుగుతుంది. రెండోవాళ్ళ ఉద్యోగం మాత్రం "అక్కడికెళ్ళాక చూసుకుందాంలే" దగ్గర ఆగిపోతుంది. ఆ రెండో మనిషి చాలాసార్లు భార్యే. నేనూ మావారి ఆఫర్ మీదే నెదర్లాండ్స్‌లోని ఐండోవెన్ వెళ్ళి, అక్కడ అకౌంట్స్‌లో పనిచేసి, ఇప్పుడు మళ్ళీ మహదేవపురలో ఉంటున్నాను. వెళ్ళబోయే జంట ఎవరు అడిగినా నేను చెప్పేది, ఇద్దరి ఉద్యోగాల పనీ ఇక్కడే మొదలుపెట్టమని.

ముందు డబ్బు సంగతి. బయటి దేశం నుంచి తీసుకున్న ఉద్యోగులకి అక్కడ 30 శాతం రూలింగ్ అని ఒక పన్ను వెసులుబాటు ఉంది. జీతంలో 30 శాతం వరకు పన్ను లేకుండా ఇవ్వచ్చు, గరిష్ఠంగా ఐదేళ్ళు. 2027 నుంచి అది 27 శాతం అవుతుంది. కనీస జీతం ఉండాలి. చేరే ముందు 24 నెలల్లో 16 నెలలకి మించి నెదర్లాండ్స్ సరిహద్దుకి 150 కిలోమీటర్ల అవతల ఉండి ఉండాలి. వీటన్నిటికీ తోడు, కంపెనీ మిమ్మల్ని బయటి దేశం నుంచే తీసుకుని ఉండాలి. భర్తతో వెళ్ళి, కాపురం పెట్టి, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కున్న భార్యకి ఈ చివరి షరతు దగ్గరే దారి మూసుకుపోతుంది. బెంగళూరులో ఉండగానే కాంట్రాక్ట్ మీద సంతకం పడితే ఆ ఇబ్బంది ఉండదు. నెలనెలా చేతికొచ్చే జీతంలో తేడా కనిపించే విషయం ఇది, ఊరికే వదలకండి.

ఇక అనుమతి సంగతి. భర్త హైలీ స్కిల్డ్ మైగ్రెంట్‌గా, అంటే కంపెనీ స్పాన్సర్ చేసే నిపుణుడిగా, వెళ్తుంటే కంపెనీయే ఐఎన్‌డీకి, అంటే అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసుకి, దరఖాస్తు పెడుతుంది. మీ దరఖాస్తు కూడా దానితోపాటే పెట్టమని హెచ్‌ఆర్‌ని గట్టిగా అడగండి. "ఆయన ముందు వెళ్ళి సర్దుకోనివ్వండి" అని పెద్దవాళ్ళు అంటారు. వినకండి. మామూలుగా నెదర్లాండ్స్‌కి వెళ్ళే భార్య ఇక్కడే డచ్ భాషా పరీక్ష రాయాలి, హైలీ స్కిల్డ్ మైగ్రెంట్‌గా వెళ్ళేవాళ్ళ భార్యకి అది లేదు. పని చేసుకోవడానికి వేరే పర్మిట్ కూడా అక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళు నిండిన మైగ్రెంట్‌కి 2025లో నెలకి 5,688 యూరోల జీతం ఉండాలన్నారు. ఆ గీత మీకు వర్తించదు, ఎంత జీతానికైనా, వారానికి ఎన్ని రోజులైనా చేరచ్చు.

ఈ మాట రిక్రూటర్లకి తెలియదు. ఇండియా పాస్‌పోర్ట్ కనపడగానే స్పాన్సర్ చేయాలేమో అని పక్కన పెట్టేస్తారు. అందుకే సీవీలో పేరు కిందే రాయండి: "భర్త నివాస అనుమతి మీద వస్తున్నాను, స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు, వర్క్ పర్మిట్ అక్కర్లేదు, ఫలానా నెలలో ఐండోవెన్ చేరుకుంటాను." సీవీ రెండు పేజీలు దాటకూడదు. తండ్రి పేరు, డిక్లరేషన్ తీసేయండి. మన దగ్గర నోటీసు పీరియడ్ 90 రోజులుండడం మామూలే కాబట్టి అది కూడా ముందే చెప్పండి. అక్కడ ఉదయం 9 అంటే మనకి వేసవిలో మధ్యాహ్నం 12:30, చలికాలంలో 1:30. ఇంటర్వ్యూలు ఎక్కువగా మన భోజనాల వేళ తర్వాతే పడతాయి, ఆఫీసుకి సెలవు పెట్టే పని లేకుండా చూసుకోవచ్చు. జీతం అడిగితే నెలకి గ్రాస్‌లో, అంటే పన్ను కోతలకి ముందు లెక్కలో, చెప్పండి. దాని మీద 8 శాతం హాలిడే అలవెన్స్ విడిగా వస్తుంది. అది కలిపి చెప్తున్నారా, విడిగానా అన్నది మాత్రం అడగాలి.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంగ్లీషుతో గడిచిపోతుంది. అకౌంట్స్, సప్లై చెయిన్ వాళ్ళు పెద్ద కంపెనీల షేర్డ్ సర్వీస్ సెంటర్లు (పలు శాఖల అకౌంట్స్ లాంటి పనులు ఒకేచోట చేసే ఆఫీసులు) చూడండి. నర్సులకి, డాక్టర్లకి డచ్ భాషా, బీఐజీ (అక్కడి వైద్య సిబ్బంది రిజిస్టర్) రిజిస్ట్రేషనూ రెండూ కావాలి. వాళ్ళు ఆఫర్ వచ్చిన రోజే డచ్ మొదలుపెట్టాలి.

కాగితాల దగ్గర మనవాళ్ళకి పట్టే టైము మరెవరికీ పట్టదు. పదో తరగతి మెమోలో "కె. సునీత", పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో అత్తవారింటి పేరు: ఇలా మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులుంటారు. అందుకని ముందు పాస్‌పోర్ట్ పక్కన మిగతా కాగితాలు పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. పుట్టిన ఊళ్ళో జనన నమోదే లేకపోతే, ఏడాది దాటింది కాబట్టి ఆంధ్రాలో ఆర్డీవో ఉత్తర్వుతో లేటుగా నమోదు చేయించుకోవాలి. దీనికోసం అనంతపురమో నెల్లూరో తిరగాల్సి వస్తుంది, ఇంట్లో నాన్ననో బాబాయినో ముందే పురమాయించండి. సర్టిఫికెట్ ఏ రాష్ట్రం ఇస్తే ఆ రాష్ట్ర ప్రభుత్వమే ముందు ధ్రువీకరించాలి, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే బయటి దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ. బెంగళూరులో కాపురమున్నా ఆంధ్రాలో పెళ్ళి నమోదైతే ఆ కాగితం ఆంధ్రాకే వెళ్ళాలి. తెలుగులోనో కన్నడలోనో ఉంటే ఇంగ్లీషు కాపీ తీసుకోండి. పెళ్ళిదీ, ఇద్దరి పుట్టుకదీ అపోస్టిల్ చేయించే ఎక్కండి. అక్కడ మున్సిపాలిటీలో నమోదు కోసం అడుగుతారు.

ఆ నమోదు అయితేనే బీఎస్‌ఎన్ అనే అక్కడి గుర్తింపు నంబర్ వస్తుంది, అది లేకపోతే జీతం ప్రాసెస్ చేయడం కంపెనీకి కష్టం. కాబట్టి ఇల్లు మాట్లాడేటప్పుడు అద్దె కంటే ముందు అడగాల్సింది, ఆ చిరునామాలో ఇద్దరూ నమోదు చేసుకోవచ్చా అని. తాత్కాలిక ఇళ్ళు చాలావాటికి ఆ వీలుండదు. ఆరోగ్య బీమా ఇద్దరికీ తప్పనిసరి, నాలుగు నెలల్లోపు తీసుకోవాలి. 30 శాతం దరఖాస్తుకీ చేరిన నాటి నుంచి నాలుగు నెలలే గడువు, దాటితే మొదటి నెలల లాభం పోతుంది. ఆ 30 శాతం రూలింగ్ వస్తే మన డ్రైవింగ్ లైసెన్స్ కూడా, భార్యాభర్తలిద్దరిదీ, పరీక్ష లేకుండా డచ్ లైసెన్స్‌గా మార్చుకోవచ్చు.

బయల్దేరే ముందు ఇద్దరూ సేవింగ్స్ ఖాతాలని ఎన్‌ఆర్‌ఓగా (విదేశంలో ఉండేవాళ్ళ ఖాతాగా) మార్చమని బ్యాంకుకి చెప్పండి. రిలీవింగ్ లెటర్, జీతం మీద టీడీఎస్ సర్టిఫికెట్ చేతికి తీసుకోండి. ఓటీపీలు వచ్చే సిమ్‌లు రెండూ రోమింగ్‌తో బతికించుకోండి, ఆ రీఛార్జ్ బాధ్యత ఇద్దర్లో ఒకరికి అప్పగించండి.