రాత్రి పాలు తాగిన పసిబిడ్డ కక్కుతుంటే

పాలు తాగి నిద్రలోకి జారిన పాపను పక్క మీద వేయగానే మెలికలు తిరగడం, కక్కడం, మళ్లీ లేచి ఏడవడం. మా ఇంట్లో మూడు వారాలు రాత్రుళ్లన్నీ ఇలాగే గడిచాయి. ఎక్కువ తేడా తెచ్చింది డైపర్ మార్చే వేళ. పాలు పట్టాక కాళ్లు పైకెత్తి మారిస్తే పొట్ట నొక్కుకుని పాలు పైకి వచ్చేస్తాయి. అందుకే ఇప్పుడు పాలకు ముందే మారుస్తున్నాం. గుక్కపట్టి ఏడ్చేదాకా ఆగకుండా, పెదవులు చప్పరిస్తున్నప్పుడే పాలు పడుతున్నాం. ఏడుస్తూ తాగితే గాలి కూడా మింగుతుంది. సగంలో ఒకసారి, చివర మరోసారి తేన్పు తెప్పించి, 20 నుంచి 30 నిమిషాలు భుజం మీద నిటారుగా ఎత్తుకుంటాం. తర్వాత చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెడతాం. తల కింద దిండు పెట్టమని పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, కానీ వద్దు. మెడ వంగి ఊపిరి అందకపోవచ్చు. ఎత్తుకున్నవారికి కునుకు వస్తుంటే బిడ్డను మరొకరికి అందించాలి.

దీనితో కక్కడం తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. పసరు రంగులో గానీ రక్తంతో గానీ కక్కినా, ప్రతిసారీ పాలు దూరంగా చిమ్మినట్టు పడుతున్నా, బరువు పెరగకపోయినా ఈ చిట్కా పనిచేయదు. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి.