కాన్సర్టినాతో పాడేటప్పుడు గొంతుకు చోటివ్వండి
కాన్సర్టినా (చేతుల మధ్య తిత్తిని లాగుతూ నొక్కుతూ, బటన్లతో వాయించే చిన్న వాద్యం) వాయిస్తూ పాడేటప్పుడు ట్యూన్ మొత్తం గొంతుతో సమానంగా వాయించకండి, మాటలు మునిగిపోతాయి. ఆంగ్లో, డ్యూయెట్ రకాల కాన్సర్టినాలైతే పాడుతున్నంతసేపూ ఎడమచేత్తో కార్డ్ (కలిపి మోగించే కొన్ని స్వరాలు) పట్టుకుంటే చాలు. అదీ పూర్తిగా అక్కర్లేదు. సి మేజర్ కార్డ్‌లో సి, జి స్వరాలు మాత్రం పట్టి మధ్యలోని ఇ వదిలేయండి, సన్నటి గొంతు కూడా తేటగా వినిపిస్తుంది. ట్యూన్‌ని కుడిచేత్తో లైన్ల మధ్య ఖాళీల్లో, చరణానికీ చరణానికీ నడుమ వినిపించండి.

ఇంగ్లిష్ రకంలో స్కేలు స్వరాలు రెండు చేతులకూ మార్చిమార్చి పంచి ఉంటాయి, కాబట్టి ఈ చేతుల విభజన కుదరదు. కానీ అందులోనూ, డ్యూయెట్‌లోనూ ఒక బటన్‌కు తిత్తి లాగినా నొక్కినా అదే స్వరం. అందుకే మీరు ఊపిరి తీసుకునే చోటే తిత్తి దిశ మార్చండి. ఆంగ్లోవాళ్లకు పాపం ఆ వెసులుబాటు తక్కువ, దిశ మారితే స్వరమే మారిపోతుంది!