కోడ్ సరిగ్గానే ఉన్నా నడవడం లేదా? ఫైలు పేరు చూశారా?

సొంతంగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను నేర్చుకుంటున్నవారు తెచ్చే ఫిర్యాదులు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "పాఠంలో ఉన్నది ఉన్నట్టే రాశాను, అయినా రావడం లేదు." ఎర్రర్ ఏమని వచ్చిందంటే, "ఏదో ఎర్రగా వచ్చింది" అంటారు. అది చదవకుండానే పైథాన్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవారికి ఒక దండం. ముందు చివరి వరుస చదవండి. తప్పు ఏ రకానిదో అక్కడ ఉంటుంది. ఏ ఫైలులో, ఏ వరుసలో అన్నది దాని పైన ఉంటుంది.

లక్షణం: కోడ్ మార్చినా పాత ఫలితమే వస్తోంది.

ఫైలు సేవ్ చేయలేదు. కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో ఫైలు పేరు పక్కన చిన్న చుక్క ఉంటే సేవ్ కానట్టే. సేవ్ చేశాక కూడా అంతే అయితే, మీరు మార్చింది ఒక ఫైలు, నడుపుతున్నది మరొకటి.

లక్షణం: ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్) దొరకడం లేదంటోంది.

కంప్యూటర్‌లో రెండు పైథాన్‌లు ఉండి ఉంటాయి. లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ ఒకదానిలో పెట్టింది, ప్రోగ్రామ్ నడిచేది ఇంకొకదానిలో. ఉత్తి పిప్ అని కొట్టకుండా "పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్" అని కొట్టి, చివర లైబ్రరీ పేరు ఇవ్వండి. ఆ మొదటి మాట మీరు ప్రోగ్రామ్ నడపడానికి వాడేదే కావాలి.

లక్షణం: పైథాన్‌తో పాటే వచ్చే మాడ్యూల్‌లో (ఇంపోర్ట్ చేసి వాడుకునే కోడ్ ఫైలు), ఉండాల్సిన ఫంక్షన్ లేదంటోంది.

ఇక్కడ కాస్త ఆగాలి. యాదృచ్ఛిక అంకెలు ఇచ్చే ర్యాండమ్ మాడ్యూల్ గురించి చదివారు. సాధన కోసం కొత్త ఫైలు తెరిచి, బుద్ధిగా దానికి ర్యాండమ్.పీవై అని పేరు పెట్టారు. మొదటి వరుసలో ఇంపోర్ట్ ర్యాండమ్, మూడో వరుసలో 1 నుంచి 6 వరకు ఒక అంకె కోసం ర్యాండింట్ ఫంక్షన్. నడిపితే అట్రిబ్యూట్ ఎర్రర్: ర్యాండమ్‌లో ర్యాండింట్ అనేదే లేదట. స్పెల్లింగ్ చూస్తే సరిగ్గానే ఉంటుంది. పాఠంలోంచి కాపీ చేసి అతికించినా అదే ఎర్రర్. పాఠం పాతదేమో, వెర్షన్ తేడా ఉందేమో అని వెతుకుతూ పూటంతా గడిచిపోతుంది. తప్పు కోడ్‌లో లేదు కాబట్టి, దాన్ని ఎంతసేపు చూసినా దొరకదు.

ఇంపోర్ట్ అనగానే పైథాన్ వెతికే ఫోల్డర్ల జాబితాలో, మీరు నడుపుతున్న ఫైలు ఉన్న ఫోల్డరే అన్నిటికంటే ముందుంటుంది. పైథాన్ సొంత లైబ్రరీ ఆ తర్వాతే. దానికి మీ ర్యాండమ్.పీవై ముందు దొరికింది, అసలు ర్యాండమ్ దాకా వెళ్లనే లేదు. అంటే మీ ఫైలు తనను తానే ఇంపోర్ట్ చేసుకుంది. ఆనవాలు ఎర్రర్‌లోనే ఉంటుంది: మీ ఫైలు పేరు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకసారి మొదటి వరుస దగ్గర, ఇంకోసారి మూడో వరుస దగ్గర. 2024లో వచ్చిన పైథాన్ 3.13 అయితే ఫైలు పేరు మార్చి చూడమని నేరుగా సలహా కూడా ఇస్తుంది. చదివితే కదా!

దీని రెండో రూపం మరీ మాయదారిది. విసిగిపోయి ఆ ఫైలును అలాగే వదిలేసి, అదే ఫోల్డర్‌లో ఇంకో పేరుతో కొత్త ఫైలు మొదలుపెడతారు. కొన్నాళ్లకు సగటు లెక్కించాలని స్టాటిస్టిక్స్ మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేస్తారు. ఎర్రర్ మాత్రం ర్యాండింట్ గురించి! స్టాటిస్టిక్స్ లోపల తన అవసరానికి ర్యాండమ్‌ను ఇంపోర్ట్ చేసుకుంటుంది, మళ్లీ మీ పాత ఫైలే తగులుతుంది.

అనుమానం వస్తే ఇంపోర్ట్ కిందనే ఒక వరుస రాయండి: ప్రింట్‌లో ర్యాండమ్, చుక్క, రెండు అండర్‌స్కోర్లు, ఫైల్, మళ్లీ రెండు అండర్‌స్కోర్లు. ఆ మాడ్యూల్ ఎక్కడి నుంచి వచ్చిందో పూర్తి దారి కనిపిస్తుంది. అది మీ ఫోల్డర్ అయితే దొంగ దొరికినట్టే. ఫైలు పేరును డైస్_సాధన.పీవై లాంటిదిగా మార్చండి, చాలు. మాడ్యూళ్ల కాపీలను పైథాన్ దాచుకునే పైకాష్ ఫోల్డర్‌ను కూడా తొలగించాలని చెప్పేవారుంటారు. పైథాన్ 3లో ఆ అవసరం లేదు, అసలు ఫైలు అక్కడ లేకపోతే ఆ ఫోల్డర్‌లోని కాపీని అది పట్టించుకోదు.

వేరియబుల్‌కు లిస్ట్ అనో ఇన్‌పుట్ అనో పేరు పెట్టి, తర్వాత అదే పేరును ఫంక్షన్‌లా పిలిస్తే "నాట్ కాలబుల్" అని వస్తుంది. ఇదీ ఆ తానులో ముక్కే, పేరు మార్చండి.

ఇక ఇన్‌స్టాలేషన్ నిజంగా పాడైపోవడం, పీడీఎఫ్ నుంచి వంకర కోట్ గుర్తులు కాపీ కావడం అరుదు. రెండోదానికి ఎర్రర్ ఆ గుర్తునే చూపిస్తుంది, చెరిపి కీబోర్డుతో కొట్టండి.